గంట కొట్టని కండక్టరు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆమె డ్యూటీ ఎక్కేముందు నీళ్లు తాగలేదు. దాహం లేక కాదు. శివారు రూటు చివరి స్టాపులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేక. మగ సిబ్బంది గోడచాటుకు వెళ్లొచ్చేవారు. ఆమె బస్సులోనే కూర్చుని టికెట్ల కట్టలు సర్దుకుంటున్నట్టు కనిపించేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే, ‘ఆడవాళ్లకెందుకీ ఉద్యోగాలు’ అనడానికి డిపోలో నోళ్లు సిద్ధంగా ఉన్నాయని తెలుసు.

రిటైరయ్యాక మూత్రపిండంలో రాళ్లు తీయించుకుంది. ఆ తర్వాత కూడా బయటికి వెళ్లాల్సిన రోజు నీళ్లగ్లాసు పక్కకు జరిపేది.

“అందరికీ రిటైర్మెంటు వచ్చింది గానీ, నీ గొంతు ఇంకా డ్యూటీ దిగలేదేంటమ్మా?” అని కూతురు దెప్పేది. ఆమె నవ్వేసేది.

ప్రయాణికులు ఆమెను గంటమ్మ అనేవారు. ఆ కాలపు బస్సుల్లో పైకప్పు పొడవునా ఒక తాడు ఉండేది. లాగితే డ్రైవరు నెత్తిమీద గంట మోగేది. ఒకసారి మోగితే ఆపాలి. వెంటవెంటనే రెండుసార్లు మోగితే కదలాలి. వెనక ఎవరు ఎక్కుతున్నారో, ఎవరి కాలు మెట్టుమీద ఉందో డ్రైవరుకు కనిపించదు కాబట్టి, కండక్టరు గంట కొట్టనిదే బండి కదలకూడదు. కర్ర చేతబట్టిన ముసలాయన దిగేదాకా, చంకలో బిడ్డతో తల్లి ఎక్కేదాకా గంటమ్మ ఆ తాడు ముట్టేది కాదు. తన కోసం మాత్రం ఒక్కసారీ బండి ఆపుకోలేదు. ఆలస్యమైతే మెమో ఇస్తారు. కారణం రాయమంటారు. ఆ కారణం రాయడానికి ఆమెకు చెయ్యి ఆడేది కాదు.

మొన్నామధ్య డిపోవాళ్లు షెడ్డులో మిగిలిన పాత బస్సుకు రంగులేసి, పాత శివారు రూటులోనే ఒకరోజు తిప్పారు. పాత బస్సులంటే పడిచచ్చేవాళ్లు కెమెరాలు వేలాడేసుకుని వచ్చారు. గంటమ్మను గౌరవ కండక్టరుగా పిలిచారు. స్టీరింగు ముందు ఆమెతో పనిచేసిన పాత డ్రైవరే కూర్చున్నాడు. టికెట్లు ఇవ్వడానికి ఇప్పటి ఉద్యోగిని, ఒక చిన్నవయసు కండక్టరు ఉంది.

“ఏమ్మా గంటమ్మా, తాడు అందుతుందా, పీట తెప్పించమంటావా?” అన్నాడు డ్రైవరు.

“తాడు నాకు అందుతుందిలే అన్నా. గంట నీకు వినబడుతుందా? ముందా చెవుల సంగతి చూసుకో.”

బస్సంతా నవ్వింది. చెక్కసీట్లు కిర్రుమన్నాయి, కిటికీ రేకులు దడదడలాడాయి. గేరు మార్చినప్పుడల్లా బండి మూలిగింది. ఒకప్పటి ఇటుకబట్టీల చోట ఇప్పుడు వరసగా అపార్టుమెంట్లు.

సగం దారిలో గంటమ్మ కళ్లు ఆ అమ్మాయి నీళ్లసీసా మీద పడ్డాయి. మూత తీసినట్టు లేదు. అమ్మాయి పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“తాగవేంటే?”

“అలవాటైపోయింది పెద్దమ్మా.”

ఆ అలవాటేంటో గంటమ్మకు తెలుసు.

చివరి స్టాపులో కొత్త షెల్టరు కట్టారు. పట్టపగలు కూడా వెలుగుతున్న ప్రకటనల బోర్డు పెట్టారు. మరుగుదొడ్డి కట్టలేదు. అందరూ దిగి ఫొటోలు తీసుకున్నారు. ఆ అమ్మాయి దిగలేదు.

డిపో మేనేజరు చప్పట్లు చరిచాడు. “ఎక్కండెక్కండి! అవతల డిపో సభలో పెద్దసారు ఎదురుచూస్తున్నారు.”

అందరూ ఎక్కారు. అమ్మాయి కడ్డీకి ఆనుకుని పళ్లబిగువున నిలబడింది. గంటమ్మ తాడు పట్టుకుంది గానీ లాగలేదు.

“ఎదురుగా ఆ కుట్టుమిషను కొట్టు చూశావా? వెనకాల ఇల్లే. అడిగి వెళ్లిరా.”

“అమ్మో, మేనేజరుగారు ఊరుకోరు పెద్దమ్మా!”

“తాడు నా చేతిలో ఉంది. నువ్వెళ్లు.”

అమ్మాయి దిగి పరుగులాంటి నడకతో వెళ్లింది.

“ఏంటి ఆలస్యం? పోనివ్వవయ్యా డ్రైవరూ!” అన్నాడు మేనేజరు.

“గంట పడలేదు సార్.”

“గంటేంటయ్యా, ఇదంతా సరదాకేగా!”

“మీకు సరదా సార్. గంట పడకుండా నేనెప్పుడూ బండి తియ్యలేదు.”

మేనేజరు గంటమ్మ వైపు తిరిగాడు. ఆమె గొంతు పెంచలేదు.

“మీ కండక్టరు ఎదురింటి బాత్రూంకి వెళ్లింది సార్. ఇక్కడ లేదుగా. అప్పుడు నాకూ లేదు, ఇప్పుడు దానికీ లేదు.”

కెమెరాలు కిందికి దిగాయి. వెనక సీట్లోంచి ఎవరో, “ఉండనివ్వండి సార్, సభ ఎక్కడికీ పారిపోదు,” అన్నారు. మేనేజరు సీట్లో కూలబడ్డాడు.

అమ్మాయి తిరిగొచ్చి మెట్టెక్కింది. సీసా మూత తీసి, గటగటా సగం తాగింది. అప్పుడు గంటమ్మ తాడును రెండుసార్లు లాగింది. బస్సు కదిలింది.

సభలో గంటమ్మకు జ్ఞాపిక ఇచ్చారు. మరుగుదొడ్డి మాటెత్తితే మేనేజరు “చూద్దాం” అన్నాడు. అలా చూస్తూ చూస్తూనే ఒక ఆడమనిషి ఉద్యోగం మొత్తం గడిచిపోయింది. ఇంకొకామెది మొదలైంది.

కాబట్టి మీకో మాట. మీకు దగ్గర్లో ఉన్న బస్సుల చివరి స్టాపుకు ఒకసారి వెళ్లిరండి. ఆడవాళ్లకు గడియపడే తలుపు, లోపల నీళ్లు ఉన్నాయేమో చూడండి. లేకపోతే డిపోకు రాయండి, నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి అడగండి, కట్టేదాకా వదలకండి. ఈలోగా ఆ పక్కనే మీ ఇల్లుంటే తలుపు తీయండి. మీరెక్కిన బస్సు అక్కడ కాసేపు ఆగిపోతే, పోనివ్వమని కేకలు వేయకండి.