ఎందుకమ్మ చేతిలో జెట్ విమానం

ఆమెను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు చాలా తక్కువ. ఇంట్లోవాళ్లకీ పనిలోవాళ్లకీ ఆమె ఎందుకమ్మే. మాటలు వచ్చిన నాటినుంచీ "ఎందుకు" అన్నది ఆమె నోట్లో నానుతూనే ఉండేదట. అద్దం కుడిఎడమల్ని మారుస్తుంది గానీ మనిషిని తలకిందులుగా ఎందుకు చూపించదని చిన్నప్పుడు అక్క ప్రాణం తోడేసింది. నలభై దాటినా ఆ గుణం పోలేదు.

ఆమె పని క్రేన్ నడపడం. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట పొద్దున్నే నిచ్చెనెక్కి, ఆకాశంలో వేలాడే గాజు గదిలో కూర్చుంటే మళ్లీ భోజనానికే దిగడం. కిందనుంచి మేస్త్రీ వాకీటాకీలో "ఇంకాస్త, ఇంకాస్త, చాలు" అంటూ ఉంటే, రెండు చేతుల్లో రెండు లీవర్లు పట్టుకుని ఇనుప ఊచల కట్టను పసిపాపను పడుకోబెట్టినంత మెల్లగా దించేది.

ఆమె బావ, అంటే అక్క భర్త, కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. వారమంతా ఎవరివో పళ్లు ముందు పెట్టుకుని అరగదీస్తాడు. ఆదివారం వచ్చిందంటే బొమ్మ విమానాలు. తేలికపాటి ఫోముతో వాటిని అతికించి, రంగులేసి, ఊరి బయట మైదానంలో రిమోటుతో ఎగరేస్తాడు. పడగ్గదిలో మనుషులకు మిగిలింది ఓ మూల మాత్రమేనని అక్క సణుగుతుంది. జిగురు వాసనకు ఆమెకు తలనొప్పి.

ఒక ఆదివారం ఎందుకమ్మ భోజనానికి వెళ్లేసరికి భోజనాల బల్ల మీద కొత్త విమానం ఉంది. బూడిదరంగు జెట్. పొడవులో ఆమె చెయ్యంత. చుట్టూ తిరిగి చూసింది. ముందు పంకా లేదు, వెనకా లేదు.

మరి దీన్ని లాగేదెవరని బావను అడిగింది. ఆయన దాన్ని వెల్లకిలా తిప్పి, పొట్టలో దాగిన చిన్న పంకాను చూపించాడు. రెండు పక్కలా ఉన్న నోళ్లలోంచి గాలి పీల్చి, వెనక సన్నటి గొట్టంలోంచి తోసేస్తుందట. బోల్తా పడి ఉన్నదాన్ని అలాగే ఆన్ చేశాడు. ఈల లాంటి సన్నటి మోత మొదలైంది. ఎందుకమ్మ ముఖం దగ్గరగా పెట్టి ఆ నోట్లోకి తొంగి చూసింది. అంతే, చున్నీ కొస సర్రున లోపలికి పోయింది. ఏదో ఫట్‌మని విరిగింది. మోత ఆగిపోయింది.

అక్క ముక్కున వేలేసుకుంది. బావ మొహం చిన్నబోయింది. చున్నీ ఊడదీసి చూస్తే పంకా రెక్క ఒకటి ముక్కయింది. ఎందుకమ్మకు సిగ్గేసింది గానీ, నోరు మాత్రం ఊరుకోలేదు. ఇంత చిన్న నోరు ఇంత గట్టిగా లాగితే, బయటికొచ్చే గాలి ఇంకెంత గట్టిగా తోస్తుందో కదా అంది.

బావ విరిగిన రెక్కముక్కను పక్కన పెట్టాడు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఆయన విమానాల గురించి ఎవరూ ఇలాంటి మాట అడిగిన పాపాన పోలేదు.

"కొత్త పంకా వేస్తాను. నువ్వే ఎగరేసి చూసుకో," అన్నాడు.

ముందు కంప్యూటర్ మీద ఉత్తుత్తి విమానంతో నేర్చుకోమన్నాడు. సాయంత్రాలు పని నుంచి తిన్నగా అక్కయ్యింటికే వచ్చి, తెర మీద విమానాలు కూలుస్తూ కూర్చునేది. అక్క కంచాలు సర్దుకోవడానికి చోటు లేక విసుక్కునేది. క్రేన్ నడిపే చేతులు కదా, ఇట్టే పట్టేస్తుందని బావ అనుకున్నాడు. ఆయన అనుకున్నంత సులువుగా ఏమీ పట్టుబడలేదు. అయినా చివరికి ఓ ఆదివారం పొద్దున ముగ్గురూ మైదానానికి బయల్దేరారు. ఈ పిచ్చి పనికి పెళ్లయిననాటి నుంచీ ఎన్నడూ రాని అక్క కూడా, చెల్లెలు ఏం కొంప ముంచుతుందోనని వెంట వచ్చింది.

ఇద్దరి చేతుల్లో రెండు రిమోట్లు. బావ చేతిలోని మీట అటు వేస్తే విమానం ఎందుకమ్మది, ఇటు వేస్తే ఆయనది. జెట్‌ను పైకి లేపింది ఆయనే. బాగా ఎత్తుకు వెళ్లాక మీట నొక్కి, ఇక నీదేనన్నాడు.

ఆమె రిమోటు మీది చిన్న పుల్లను బొటనవేలితో కదిపీ కదపనట్టు కదిపింది. అంత దూరాన విమానం ఒక పక్కకు ఒరిగింది. మధ్యలో తాడు లేదు, ఇనుము లేదు. ఒళ్లు జలదరించింది. మళ్లీ కదిపింది. మళ్లీ ఒరిగింది. ఆ సంబరంలో అది ఎంత దూరం పోయిందో గమనించలేదు. చూసుకునేసరికి కాకంత అయింది. కాస్త ఆగి ఆలోచిద్దామని, క్రేన్‌లో చేసినట్టే రెండు పుల్లలూ వదిలేసింది. అక్కడ లీవర్ వదిలితే అన్నీ ఎక్కడివక్కడ ఆగుతాయి. ఇక్కడ విమానం తన దారిన తాను పోతూనే ఉంది.

"బావా, ఇది ఆగట్లేదేంటి?"

"ఆగితే పడిపోతుంది కదమ్మా."

ఆ మాట ఆమెకు తెలియనిది కాదు. కానీ ఆమె చేతులకు తెలిసినట్టు లేదు. విమానం ఇప్పుడు ఆకాశంలో ఒక నలుసు. రెక్కలు కనిపిస్తున్నాయి గానీ, ముక్కెటో తోకెటో ఆనవాలు దొరకడం లేదు.

"నేను తీసుకోనా?" అన్నాడు బావ. ఆయన వేలు మీట మీదే ఉంది.

"ఉండు బావా. ఇంతకీ అది వస్తోందా, పోతోందా?"

"నిజం చెప్పనా, నాకూ తెలీట్లేదు."

వెనక అక్క ఏదో గొణిగింది. చిత్రంగా ఎందుకమ్మకు భయం వెయ్యలేదు. పోయేదైతే కుడికి తిప్పితే కుడికే పోవాలి. అద్దంలో మనిషిలా మనవైపు ముఖం పెట్టి వచ్చేదైతే ఎడమకు పోవాలి. పుల్లను కొద్దిగా కుడికి నొక్కి చూసింది.

నలుసు ఎడమకు జరిగింది.

"వస్తోంది," అంది మెల్లగా.

వచ్చింది కూడా. చూస్తూండగానే పెద్దదై, ఈల వేసుకుంటూ వాళ్ల నెత్తిమీదుగా దూసుకుపోయింది. అక్క తల పట్టుకుని కూలబడింది. ఎందుకమ్మ దాన్ని తిప్పుకుని వచ్చింది. ఆ తర్వాత మైదానం చుట్టూ కొన్ని చుట్లు తిప్పింది. అవి గుండ్రంగా వచ్చాయని ఎవరూ అనలేరు. బ్యాటరీ అయిపోవస్తోందని రిమోటు కూతపెట్టగానే బావ మీట తనవైపు వేసుకుని విమానాన్ని దించాడు. దించేటప్పుడు కూడా పంకా ఎందుకు ఆపలేదని ఆమె అడుగుతూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు.

దింపడం మాత్రం ఆమెకు తొందరగా రాలేదు. తర్వాతి ఆదివారాల్లో ఒకసారి గడ్డిలో దూర్చింది, ఒకసారి చక్రం ఊడగొట్టింది. ప్రతిసారీ ఇద్దరూ కిందకు వంగి, ఎక్కడ తగిలింది, ఏది ముందు ఒరిగింది అని చర్చించుకునేవారు. అక్క మడత కుర్చీ తెచ్చుకుని, వింటున్నట్టు కనబడకుండా వినేది.

చలికాలం మొదట్లో ఒక పొద్దున జెట్ చక్రాల మీద దిగి, కాస్త ఎగిరిపడి, బుద్ధిగా ఆగింది. ఎందుకమ్మ నడిచివెళ్లి దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చింది. పొట్ట ఇంకా వెచ్చగానే ఉంది. బావ రెండో బ్యాటరీ బయటకు తీసి, నువ్వే పెట్టు అని ఆమెకు ఇవ్వబోయాడు.

"ఇటివ్వండి. ఈసారి నేను ఎగరేసి చూస్తాను," అంటూ అక్క కుర్చీలోంచి లేచింది.