నిండు గ్లాసు ప్రయాణికుడు

జూలై నెల మొదటి సోమవారం. రాత్రంతా కురిసిన వాన తెల్లవారాక తెరిపి ఇచ్చింది. ఆ ఉదయం మా బావమరిది నిండు గ్లాసు నీళ్లతో సిటీ బస్సు ఎక్కాడు. దాహానికి కాదు. చేతిలో నిండు గ్లాసు లేనిదే అతడు ఏ బస్సూ ఎక్కేవాడు కాదు.

అతడు ప్రభుత్వ రోడ్ల శాఖలో ఇంజనీరు. బస్సు కుదిపిన ప్రతిచోటా గ్లాసులోకి చూసి, ఎన్ని చుక్కలు ఒలికాయో పైకి చెప్పేవాడు. ‘నీళ్లు’ నిత్య బహువచనమని ఉద్యోగమున్నంత కాలం పిల్లలకు నూరిపోసిన వాణ్ణి నేను. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి లెక్కపెట్టిన వాణ్ణి మాత్రం అతణ్ణొక్కణ్ణే చూశాను. బస్సు ఎంత కిక్కిరిసినా అతని పక్క సీటు ఖాళీ. గ్లాసుకు కూడా టికెట్టు కొట్టనా అని కండక్టరు రోజూ అడిగేవాడు. దానికి పాసుందని ఇతడు రోజూ జవాబిచ్చేవాడు.

ఆ శాఖలో ఒక పద్ధతి ఉండేది: ఏ రోడ్డు మీద బళ్లు ఎక్కువ తిరిగితే ఆ రోడ్డుకే ముందు మరమ్మతు. ఆసుపత్రి రోడ్డున తిరిగేది రోగులూ, ఒకటో రెండో బస్సులూ. కనుక దాని వంతు ఏ ఏడూ రాలేదు. నడుముకు ఆపరేషనయిన మా ఆవిడ వారంవారం వ్యాయామ చికిత్సకు వెళ్లవలసింది ఆ రోడ్డునే. చివరికి, ఇక వెళ్లను, ఇంట్లోనే ఏదో చేసుకుంటాను అంది. ఆ మాట ఆసుపత్రిలో చెప్పి రావడానికి ఆ సోమవారం నేనూ అదే బస్సెక్కాను.

బస్సులో మరొకాయన కూడా ఉన్నాడు. బట్టలు తడుస్తున్నాయని ప్రయాణికులు ఫిర్యాదు చేస్తే, సంజాయిషీ అడిగిన చీఫ్ ఇంజనీరు. ఒక్కసారి బస్సులో వస్తే అక్కడే చెబుతానన్నాడట మావాడు. ఆయన్ను తీసుకెళ్లి వెనక చక్రం మీది సీట్లో కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చాడు.

ఆసుపత్రి మలుపు తిరిగేసరికి గ్లాసు సగమైంది. తక్కిన సగం చీఫ్ ఇంజనీరు ఒళ్లో ఉంది.

“ఏమయ్యా, మూతున్న సీసా తెచ్చుకోవచ్చుగా?” అన్నాడాయన, ప్యాంటు దులుపుకుంటూ.

“నడుముకి మూతుండదు కదండీ” అన్నాడు మావాడు.

ఆయన దులుపుకోవడం మానేశాడు. “ఈ పిచ్చి ఎప్పట్నించీ?”

“మా అక్క ఈ బస్సెక్కినప్పట్నించండీ. ఎలా ఉందే అంటే బాగానే ఉందిరా అంటుంది. గ్లాసుకి ఆ మొహమాటం లేదు.”

ముందు సీట్లో ఉన్న నన్ను అతడు చూడలేదు. ఆసుపత్రి దగ్గర దిగాను. చెప్పవలసిన మాట చెప్పకుండానే తిరిగొచ్చాను.

చలికాలం రాకముందే ఆ రోడ్డు కొత్తగా వేశారు. మా ఆవిడ మళ్లీ చికిత్సకు వెళ్లసాగింది. ఇప్పుడు నాకన్నా వేగంగా నడుస్తుంది. మావాడికి వేరే ఊరు బదిలీ అయింది. చాలా ఏళ్లకు ఒక ఉత్తరం రాశాడు. అందులోని తప్పులు దిద్దాలని ఎర్ర కలం తీసి, మళ్లీ మూసేశాను.

“బావగారూ, అక్కని తీసుకుని రండి. స్టేషను నించి మా ఇంటిదాకా గ్లాసుతో వచ్చి చూశాను. దారంతా చుక్క పడలేదు. ఒక్కచోటే ఒలికింది, మా గుమ్మం ముందు. ఆ మెట్టు నేను దగ్గరుండి కట్టించిందే. మేస్త్రీని పిలిచాను. మీరొచ్చేలోగా సిమెంటు ఆరిపోతుంది.”