దొరసాని బూట్లు

ఆటోలు ఊరిని ఆక్రమించుకోకముందు మార్కాపురంలో మనుషుల కాళ్ల గురించి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. గుర్రాల కాళ్ల గురించి మాత్రం టీ అంగళ్ల దగ్గర గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు. ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా మనవరాలు సెల్‌ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. "తాతా, చూడు, గుర్రాలకు బూట్లు! లాడాలు పీకేసినాక గిట్టలు గట్టిపడేదాకా తొడుగుతారంట. కొత్తగా కనిపెట్టినారు" అంది. కొత్తగానట! నాకు ఒళ్లు మండింది. ఆ బూట్లు కనిపెట్టినవాడు ఉయ్యాల కూడా దిగి ఉండడు, మేం స్టేషను రోడ్డు మీద ఆ పని చేసేనాటికి. కానీ గొప్పలు రాసిపెట్టేవాళ్లెవరూ మా ఊరిదాకా రారు. (వచ్చినా ఇక్కడ తయారయ్యే రాతి పలకల గురించి నాలుగు ముక్కలు రాసుకుని, ఎండకు భయపడి వెళ్లిపోతారు.) అందుకని నేనే రాస్తున్నాను. మేం ఆ పని బాగా చేశామని మాత్రం అనను. అబద్ధాలాడే వయసు దాటిపోయింది.

నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగిలిన చదువంతా బోండాలు కట్టిచ్చిన కాయితాలు విప్పి సంపాదించుకున్నాను. దానివల్ల నాకు అన్ని విషయాలూ సగం సగం తెలిసేవి; కాయితం చిరిగిన చోట జ్ఞానం ఆగిపోయేది, ఆ పైది నేనే కల్పించుకునేవాణ్ణి. పద్దెనిమిదేళ్లకు మా మేనమామ జట్కా తోలే పనిలో చేరాను. స్టేషను ఊరికి దూరం కాబట్టి రైలు దిగినవాళ్లకు జట్కాలే దిక్కు. మా జట్కాకు కట్టేది ఒక తెల్ల ఆడగుర్రం. దాని నడకలో టెక్కు చూసి ఎవరో దొరసాని అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. నేను గడ్డి వేస్తే మెడ తిప్పి చూసి తినేది, మా మామ వేస్తే చూడకుండానే తినేది. ఆ చూపు నామీద ప్రేమ అని నేను నమ్మేవాణ్ణి. (అనుమానం అనేవాడు మా మామ.)

ఒకరోజు లాడాలు కొట్టే సాయిబు తాత దొరసాని కాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసి, సుత్తి పక్కన పెట్టేశాడు. "ఇంగ మేకు దిగే తావు లేదురా. గిట్టంతా బొక్కలే, జల్లెడ మాదిరి. పాత లాడాలు పీకేస్తా. ఆర్నెల్లు ఉత్త కాళ్లతో ఉండనీండి, కొత్త గిట్ట దిగుతాది, రాయి మాదిరి గట్టిపడుతాది" అన్నాడు. చెప్పడం సులభం. మా రోడ్డు గుంటలు పూడ్చేది పలకల గనుల్లో మిగిలిన రాతి చెక్కుతో. బ్లేళ్లు పరిచినట్టుంటుంది. లాడాలు లేని దొరసాని దానిమీద ఒక్క అడుగు వేసి, రెండో అడుగు ఎత్తి పట్టుకుని, ఈ రోడ్డు ఎవరు వేశారన్నట్టు మావైపు చూసింది.

మా మామ ఆ పూటే తేల్చేశాడు. "ఆర్నెల్లు కూర్చోబెట్టి మేపేదానికి ఇది మీ అత్త చెల్లెలా? వచ్చే సోమవారం సంతకు తోలేస్తా."

సంతలో కుంటి గుర్రాన్ని ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో నాకు తెలుసు. నా గొంతు నాకు తెలియకుండానే లేచింది. "మామా, మనిషికి చెప్పులు కుట్టంగా లేంది గుర్రానికి కుట్టలేమా?"

"ఏ పొట్లంలో చదివినావురా?"

నిజానికి ఎందులోనూ చదవలేదు. కాని ఆ మాట ఒప్పుకుంటే దొరసాని పోతుంది. "చదివినా" అన్నాను. మా మామకు అచ్చు కాయితం అంటే కొంచెం భయం. కాసేపు బీడీ కాల్చి, "సరే. ఆదివారం పొద్దున రైలుకు పో. స్టేషను కాణ్ణుంచి మన జట్కా స్టాండు దాకా మనుషుల్ని ఎక్కించుకుని రా. గుర్రం కుంటకుండా వస్తే ఉంచుతా. కుంటిందా, నీ చేత్తోనే పలుపు పట్టుకుని సంతకు నడిపించాల" అన్నాడు.

చెప్పులు కుట్టే చిన్నాయన (ఊరందరికీ చిన్నాయనే) మా వీధి చివర ఉండేవాడు. చర్చిలో పెద్ద, ఏ పనైనా కళ్లు మూసుకుని ప్రార్థన చేసిగాని మొదలుపెట్టడు. సంగతి విని నవ్వలేదు. "కొలత తేపో నాయనా" అన్నాడు. కొలతకు ఏం చేస్తాం? మార్కాపురంలో ఏది గియ్యాలన్నా, లెక్కించాలన్నా పలకే. ఒక పలక తెచ్చి దొరసాని కాలు దానిమీద పెట్టించి, చుట్టూ బలపంతో గీద్దామని వంగాను. ఫట్. రెండో పలక తెచ్చాను. ఫట్. "మనకు పలకలు విరగ్గొట్టేది ఒక్క నువ్వే అనుకున్నా, తోడొకటి దొరికింది" అంది గుమ్మంలో నిలబడిన అత్త. మూడోది ఇసకలో పరిచి పెడితే నిలిచింది. ముందరి కుడికాలు చుట్టూ గీసి, చెరిగిపోకుండా గుండెకు హత్తుకుని పరుగెత్తాను.

"ఒక్క కాలే తెస్తివే?" అన్నాడు చిన్నాయన.

"నా చెప్పులకు ఒక్క కాలే గదా కొలుస్తివి?"

ఆయన ఆలోచించాడు. "అదీ నిజమే" అన్నాడు. ఇద్దరం తెలివైనవాళ్లమే, చూశారు కదా. టైరు ముక్క అడుగున, తోలు పైన, కట్టుకునేందుకు వార్లు. ఆ ఒక్క గీతను పట్టుకుని శనివారానికి నాలుగూ కుట్టేశాడు. ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ కావాలంటే ఇంట్లో దండెం మీదున్న పాత చీర చింపి తెచ్చాను. (పాతదని నేననుకున్నాను. అత్త వేరేగా అనుకుంది. మూడు రోజులు నాకు మజ్జిగ పోయలేదు.)

తొడిగాం. దొరసాని తన కాళ్లను తాను చూసుకుంది. తర్వాత ఏట్లో దిగినట్టు ఒక్కో కాలూ మోకాలి ఎత్తున లేపి వేస్తూ వీధంతా నడిచింది. అరుగుల మీద నుంచి ఒకటే మాటలు: "ఏమబ్బా, పెండ్లికి పోతాందా?" "సాక్సులు మరిచిపోయినావురోయ్!" నేను తల వంచలేదు. సోమవారం రాకుండా ఆపాలంటే ఎంత నవ్వునైనా భరించొచ్చు.

ఆదివారం పొద్దున స్టేషనుకు బాగానే వెళ్లాం. ఖాళీ బండి, మెల్లటి నడక. రైలు దిగినవాళ్లలో ఒక్క గిద్దలూరు అవ్వ మాత్రం ధైర్యం చేసి ఎక్కింది, రెండు మిరపకాయల మూటలతో. "బూట్లేసిన గుర్రం మేలే, ఎక్కి చూస్తా" అంది. సగం దారి దర్జాగా వచ్చాం. దొరసాని హుషారెక్కి పరుగందుకుంది. అంతే, వెనక కాలి బూటు ఊడి, గాల్లో లేచి వచ్చి నా రొమ్మును కొట్టింది. తేరుకునేలోగా రెండోది అవ్వ ఒళ్లో పడింది.

"ఏందబ్బయా, నీ గుర్రం మనల్ని చెప్పుతో కొడతాంది?"

గుర్రం నిలిచిపోయింది. కింద పలకరాతి చెక్కు, వెనక కాళ్లు రెండూ బోసి. నేను దిగి, దాని మెడ పట్టుకుని ఏడ్చాను. రాయకుండా ఉండొచ్చు గాని ఏడ్చిన మాట నిజం. "రేపు దీన్ని సంతకు తోలేస్తాడవ్వా, మా మామ" అని చెప్పాను.

అవ్వ బూటును అటూ ఇటూ తిప్పి, బండి దిగి, వంగి గిట్టను చూసింది. "ఎనక కాళ్లు సన్నంగుండాయి గదరా! చెప్పు పెద్దదైతే ఏం చేస్తాం? గుడ్డ కుక్కుతాం. ఏడ్చేది ఆపి ఆ గోనె ఇట్ల తే" అంది. కూర్చునే గడ్డిమీద పరిచిన గోనెపట్టా చింపి, మడతలు పెట్టి బూట్లలో కుక్కింది. కాని వార్లు తెగిపోయాయి. నా కాళ్లకున్న చెప్పులు కూడా చిన్నాయన కుట్టినవే. చీలమండ చుట్టూ రెండు చుట్లు తిరిగే పొడుగు వార్లు. వాటిని పీకి దొరసాని కాళ్లకు బిగించి కట్టాను. మిగిలిన నా చెప్పుల అడుగుముక్కలు రెండూ జట్కాలో పడేశాను. అవ్వను ఎక్కమని, మళ్లీ పరుగెత్తనీయకుండా పగ్గం చేత్తో పట్టుకుని ముందు నడిచాను. ఆ దారి ఎంత దూరమో, దానిమీద ఎన్ని రాళ్లున్నాయో నా అరికాళ్లకు తెలిసినట్టు రోడ్డు వేసినవాళ్లకు కూడా తెలియదు.

స్టాండు దగ్గర మా మామ, సాయిబు తాత నిలబడి ఉన్నారు. మామ దొరసాని నాలుగు కాళ్లూ ఎత్తి చూశాడు. తర్వాత నావి చూశాడు.

"గుర్రం కుంటలేదు. తోలినోడు కుంటతాండాడు" అన్నాడు. "పందెం గుర్రం గురించే గదా కట్టింది" అని తల పక్కకు తిప్పుకున్నాడు.

"ముందరివి గుండ్రం, ఎనకవి కోల. లోకమంతా ఎరిగిందే! నన్నొక మాట అడిగితే నోరు పడిపోతాదా?" అని సాయిబు తాత నన్ను వీధి మధ్యలో తిట్టాడు. ఇంటికి వెళ్తే అత్త పసుపు నూరి నా పాదాలకు పట్టించింది. "చీర ఆ గుర్రానికి, పసుపు ఈ గుర్రానికి. ఈ ఇంట్లో మనుషులకేం మిగిలింది?" అంటూనే పట్టించింది. సోమవారం సంతకు ఎవరూ వెళ్లలేదు.

తర్వాత వెనక కాళ్లకు వేరే కొలత తీసి (ఇంకో రెండు పలకలు) కొత్తవి కుట్టించాం. ఆర్నెల్లు రోజూ పొద్దున తొడగడం, సాయంత్రం విప్పడం, ఒరిసిన చోట నూనె రాయడం. ఒకరోజు సాయిబు తాత గిట్టమీద సుత్తితో తట్టి విని, "ఇంగ తీసేయండి" అన్నాడు. తీసేశాను. దొరసాని చెక్కు పరిచిన రోడ్డు మీద టకటకా నడిచి వెళ్లిపోయింది, ఒక్కసారి కూడా నావైపు మెడ తిప్పకుండా. బతికించుకున్నందుకు గంతులు వేయాల్సింది పోయి, నాలుగు బూట్లూ గుండెకు పట్టుకుని, ఇక పొద్దున్నే దాని ముందు మోకాళ్ల మీద కూర్చునే పని లేదే అని రోడ్డు మధ్యలో నిలబడి అలిగాను. గుర్రం మీద అలిగిన ఆ పిచ్చివాణ్ణి తలుచుకుంటే ఈ వయసులో కూడా నవ్వొస్తుంది. వాడికి ఏదో ఒకటి చెప్పి ఇంటికి తీసుకెళ్లాలనిపిస్తుంది గాని, ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.