జీపు చక్రాల మీద మొక్కల బండి

మా అక్క మొగుణ్ణి ఈ చుట్టుపక్కల వీధుల్లో అందరూ మొక్కల బావ అంటారు. న్యాయంగా అయితే బావా అని పిలిచే హక్కు నాది. కానీ తీరిక దొరికినప్పుడల్లా ఆయన బండి పక్కన నిలబడి "బావా, బావా" అని కేకలు వేసి, ఆ పిలుపును నేనే అందరికీ పంచిపెట్టాను. ఇప్పుడు మనవలున్న ఆవిడలు కూడా "ఏం మొక్కల బావా, గులాబీ తెచ్చావా?" అంటారు. ఆయన ఏమీ అనుకోడు. అనుకున్నా పైకి అనడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఆయనకొక పికప్ బండి ఉంది. వెనక తొట్టి నిండా పూలకుండీలు, ముందు సీట్లో మా అక్క. పొద్దున్నే ఊరి బయట నర్సరీకి వెళ్లి మొక్కలు ఎక్కించుకుని, వీధి వీధీ తిరిగి అమ్ముతారు. బండి తోలడం, కుండీలు దించడం ఆయన వంతు. మాట్లాడటం మా అక్క వంతు. ఈ పంపకం ఎందుకు జరిగిందో ఒక్కసారి ఆయన అమ్మకం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. "ఇది మా బాల్కనీలో పెరుగుతుందా?" అని ఎవరైనా అడిగితే ఆయన బాల్కనీ వంక చూస్తాడు, మొక్క వంక చూస్తాడు, అడిగినవాళ్ల మొహం వంక చూస్తాడు. "చచ్చిపోతుందండీ" అంటాడు. అదే మాట అక్కనడిగితే "ఎందుకు పెరగదూ! మీరు రోజూ ఒకసారి పలకరించండి, అదే పెరుగుతుంది" అంటుంది. వాళ్లు రెండు కుండీలు పట్టుకెళ్తారు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి ఇంకో రెండు పట్టుకెళ్తారు. మొక్కలు చచ్చిపోయి కాదు, అక్కతో మాట్లాడ్డానికి.

నర్సరీకి పోయే మట్టిదారి చివర ఒక పల్లం ఉంది. పోయినసారి వానల్లో బండి అందులో దిగబడింది. అక్క కిందికి దిగి వెనకనుంచి తోసింది. చక్రం గిర్రున తిరిగి పల్లంలోని బురదంతా ఆవిడ మీద కుమ్మరించింది. అక్క ముందు తిట్టింది, తర్వాత నవ్వింది. నర్సరీ పంపు దగ్గర కడుక్కుని, ఏమీ జరగనట్టు సాయంత్రం దాకా మొక్కలమ్మింది. కుడి చెవి వెనక కాస్త బురద ఎండిపోయి మిగిలిపోయిన సంగతి ఆవిడకు తెలియదు. బావకు తెలుసు. ఆ రోజంతా ఆయన ఆ చెవినే చూస్తూ బండి తోలాడట.

ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు, అదీ ఒట్టు వేయించుకుని.

"మీ అక్క మళ్లీ ఆ బురదలో కాలు పెట్టకూడదురా. బండికి పెద్ద చక్రాలు వేయించేస్తాను."

"అక్కతో అన్నావా?"

"వేయించాక కళ్లతో చూస్తుందిగా. మళ్లీ చెప్పడం దేనికి?"

తుక్కు దుకాణంలో ఒక పాత జీపు పడి ఉంది. ఒళ్లంతా తుప్పే గానీ చక్రాలు మాత్రం కొత్తల్లుడిలా మిసమిసలాడుతున్నాయి. బావ వాటిని ఎప్పుడో చూసి పెట్టుకున్నాడు. ఆ ఆదివారం నా కళ్లజోళ్ల కొట్టుకు సెలవు గనక నన్నూ వెంటబెట్టుకుని ఆ చక్రాలు కొని, టైర్లు బిగించే ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్లాడు. పెద్దాయన అనుమానాల పుట్ట. చక్రాన్ని గోడకు ఆనించి, బోల్టుల రంధ్రాలు లెక్కపెట్టి, కొలబద్ద పెట్టి, మళ్లీ లెక్కపెట్టాడు.

"రంధ్రాలు కలిశాయి. దానికే సంబరపడకు" అన్నాడు. "స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడాలి."

రాసుకుంది. ముందు చక్రం వెనక లోపలివైపున్న ప్లాస్టిక్ తొడుగును కర్రుమని గీకింది. పెద్దాయన ఆ తొడుగు అంచును కత్తితో కోశాడు, మళ్లీ తిప్పించాడు, మళ్లీ కోశాడు. నాలుగు చక్రాలూ, వాటితోపాటు స్టెప్నీ కూడా మారాక బండి జాక్ మీంచి దిగి ఊపిరి పీల్చుకున్నట్టు నిలబడింది. నిజంగానే బెత్తెడు పెరిగింది.

"ఇకనుంచి మీటరు తక్కువ చూపిస్తుంది. అది నలభై అంటే నువ్వు నలభై అయిదులో ఉన్నావనుకో" అని హెచ్చరించాడు పెద్దాయన.

"మా బావ ముప్పై దాటితే కదండీ!" అన్నాను.

"అయితే ఇప్పుడు ముప్పై మూడు దాటడు" అన్నాడాయన నవ్వకుండా.

బండిని ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాం. అక్క చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇదేంటండీ, బండికి కాళ్లు పెరిగాయి?"

బావ గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు చెప్తాడు, బురద అంటాడు, చెవి అంటాడు అని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన టైరు వంక చూసి, "పాతవి అరిగిపోయాయి" అన్నాడు.

"అరిగితే అలాంటివే వేయిస్తారు. ఇలాంటివా? ఈ వయసులో ఈ కుర్రాడి వేషాలేంటి?" అని అక్క తలుపు తీసింది. కాలెత్తింది. దించింది. రెండో కాలెత్తింది. అదీ దించింది. వీధిలో ఇద్దరు ఆగి చూస్తున్నారు. నేను సాయంగా వెనక చెయ్యి వేయబోతే, "నువ్వు దూరం జరుగు, గోతాం ఎక్కిస్తున్నావా?" అని కసిరింది.

నేను లోపలికి పరిగెత్తి ప్లాస్టిక్ స్టూలు తెచ్చాను. అక్క స్టూలెక్కి బండెక్కింది. గొప్ప ఉపాయం కనిపెట్టానని నేను మురిసిపోయేలోగా బండి వెళ్లిపోయింది. స్టూలు వీధిలో మిగిలిపోయింది. మొదటి మలుపులో వాళ్లు ఆగాక గానీ ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదట. అక్క దిగలేదు. దిగితే ఎక్కలేదు. ఆ రోజంతా కిటికీలోంచే బేరాలాడింది. అదీ కుదరలేదు. తొట్టి కూడా బెత్తెడు పైకి పోయింది కదా, కొనేవాళ్లకు పూలకు బదులు కుండీల అడుగులు కనబడుతున్నాయి.

మర్నాడు స్టూలును తొట్టిలో పెట్టుకెళ్లారు. ఆగినచోటల్లా బావ దిగి, వెనకనుంచి స్టూలు తెచ్చి, తలుపు తీసి, స్టూలు వేసి నిలబడాలి. అక్క దిగాలి. మళ్లీ ఎక్కాలి. ఆయన స్టూలు మళ్లీ వెనక పెట్టాలి. "మహారాణిగారు వేంచేస్తున్నారు, తప్పుకోండి" అని మందుల కొట్టాయన ఒక కేక వేశాడు. పక్క కొట్టువాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక అక్క చెప్పులు మూలకు విసిరింది.

"రేపట్నుంచి మీరే వెళ్లిరండి. నేను రాను."

బావ సరేనన్నాడు. ఆ సరే అన్నప్పుడు ఆయన మొహం నేను చూశాను. బండి పోయినవాడి మొహంలా ఉంది.

తర్వాతి ఆదివారం అక్క సీట్లో నేను కూర్చున్నాను. మాట్లాడటంలో నేనేం తక్కువ అని నా ధీమా. కొట్టుకొచ్చినవాళ్లకు ఏ ఫ్రేమైనా అంటగట్టగలను. కానీ బండి ఆగగానే జనం కిటికీలోకి తొంగిచూసి "ఆవిడ ఏరీ?" అనేవారు. నేను "ఇంట్లో ఉన్నారండీ" అనేవాణ్ణి. "ఒంట్లో బాలేదా?" అనేవారు. "అబ్బే, బాగానే ఉన్నారు" అనేవాణ్ణి. "మరి?" అని బావ వంక అనుమానంగా చూసేవారు. ఒకావిడైతే "ఏమయ్యా, ఏమన్నావు ఆవిణ్ణి?" అని నిలదీసింది. సాయంత్రానికి ఒక జెముడు మొక్క అమ్మాం. అది కొన్నాయన కూడా "ఇది బతుకుతుందా?" అనే అడిగాడు. "దీన్ని చంపడం కష్టమండీ" అన్నాడు బావ. ఆయన ఆ రోజు చేసిన ఒకే ఒక్క బేరం అది.

తిరిగొస్తుంటే నా సీటు ఖాళీగా ఉన్నట్టే నా వంక చూడకుండా అద్దంలోంచి రోడ్డు చూస్తూ అన్నాడు.

"చక్రాలు తీయించేద్దామంటావా?"

"బురదో?"

అటు పల్లం, ఇటు సీటు. ఏది దక్కినా రెండోది పోతుంది. మధ్యలో ఒట్టు పెట్టుకుని నేను.

"తీయించకు, మెట్టు పెట్టిద్దాం" అన్నాను.

వెల్డింగు చేసే ఆయన ఎప్పుడడిగినా "అరగంటలో" అనేవాడు. ఆయన అరగంటలు ఎంత పొడుగో తెలిసినవాళ్లం కాబట్టి టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లాం. అక్కను తీసుకురావడానికి నేను పడిన పాట్లు ఇక్కడ చెప్పను. "నేను సామాను కాదు కొలతలివ్వడానికి" అంటూనే వచ్చి, అక్కడున్న ఇనప కుర్చీలో కూర్చుంది.

"కాలు ఎంత ఎత్తు పెట్టగలరమ్మా?" అని వెల్డింగాయన నేల మీద మూడు ఇటుకలు పేర్చాడు.

అక్క ఎక్కింది. పెదవి కొరుక్కుంది.

"సరిపోతుంది" అంది.

బావ వంగి ఒక ఇటుక తీసేశాడు. "మళ్లీ ఎక్కు."

ఎక్కింది. ఈసారి పెదవి కొరుక్కోలేదు గానీ గోడ పట్టుకుంది. ఆయన ఇంకో ఇటుక తీసేశాడు. నేల మీద ఒక్క ఇటుకే మిగిలింది. అక్క దాని మీద కాలు పెట్టి మామూలుగా ఎక్కింది, మామూలుగా దిగింది. బావ ఆ ఇటుక వంక చాలాసేపు చూశాడు.

"పాత చక్రాలప్పుడు కూడా బండి ఇంతకన్నా ఎత్తే కదా. ఎలా ఎక్కేదానివి?"

"పళ్లు బిగబట్టి."

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లయింది లెండి. కుడి మోకాలు."

"చెప్పలేదే!"

"చెప్తే ఏమంటారు? ఇంట్లో కూర్చో, నేను చూసుకుంటానంటారు. మీరు చూసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలీదా?" అని అక్క కళ్లు తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. "ఈ చక్రాలొచ్చి నా గుట్టు వీధిలో పెట్టాయి. మోకాలి మాట అనలేక మీ చక్రాల మీద పడ్డాను. అయినా మీకీ జీపు చక్రాల పిచ్చి ఎందుకు పట్టిందండీ?"

బావ నా వంక చూశాడు. నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాను. ఒట్టు ఒట్టే.

"నీ చెవి వెనక బురద" అన్నాడాయన.

అక్క గబుక్కున చెవి తడుముకుంది.

"ఇప్పుడు కాదు, పోయిన వానల్లో" అని, ఇక ఆగకుండా మొత్తం చెప్పేశాడు. ఆయన ఏకధాటిగా అన్ని మాటలు మాట్లాడటం మేమెవరం ఎన్నడూ వినలేదు. వెల్డింగాయన కూడా చేతిలో పని ఆపి విన్నాడు. అంతా అయ్యాక అక్క అడిగిందొకటే.

"సాయంత్రం దాకా బురదతో తిరిగానా? ఒక్క మాట చెప్పలేకపోయారా? మందుల కొట్టాయన ముందు కూడా?"

ఇంతలో వెల్డింగాయన ఇంకో చిక్కు తెచ్చాడు. ఇటుకంత ఎత్తులో మెట్టు పెట్టాలంటే అది బండి అడుగుకన్నా బాగా కిందికి వేలాడుతుంది. "ఆ పల్లంలో ముందు ఈ మెట్టే నేలకు తగులుతుంది. వంగైనా పోతుంది, విరిగైనా పోతుంది. అంత ఎత్తు చక్రాలు వేసింది దేనికి మరి?" అన్నాడు. ముగ్గురం టీ తాగాం. ఆయన అరగంట ఒకటి గడిచింది. చివరికి బావే మూలనున్న మిషను బెల్టు ముక్క తీసుకొచ్చాడు. రబ్బరుది, అరచెయ్యి వెడల్పు. పై మెట్టు ఇనపది, బండికి బిగించేది. దాని కింద రెండు బెల్టు ముక్కలతో వేలాడేది రెండో మెట్టు. రాయి తగిలితే వెనక్కి వంగుతుంది, దాటాక మళ్లీ నిలబడుతుంది. తలుపు పక్కన పట్టుకోవడానికి ఒక పిడి. వెల్డింగాయన ఒప్పుకుని, అరగంటలో ఇస్తానన్నాడు. రెండ్రోజుల్లో ఇచ్చాడు.

మొదటిరోజు ఆ మెట్టు ఊయలలా ఊగింది. అక్క పిడి పట్టుకుని "పడేసేలా ఉన్నారు నన్ను" అని వీధి అదిరేలా అరిచి, అరుస్తూనే ఎక్కి కూర్చుంది. తొట్టిలో కుండీలు కనబడటం లేదన్న గొడవకు బావ వెనక తలుపును అరుగులా కిందికి దించి గొలుసులు కట్టాడు. పూలమొక్కలు దాని మీద వరసగా నిలబడ్డాయి. బేరాలు మళ్లీ మొదలయ్యాయి.

తర్వాత వానలు వచ్చాయి. నేనూ ఒక ఆదివారం తొట్టిలో కూర్చుని వెళ్లాను. పల్లం నిండా బురద. బావ మొదటి గేరు వేసి, ఊపిరి బిగబట్టి తోలాడు. జీపు చక్రాలు ఆ బురదను తొక్కుకుంటూ, కాస్త ఒరిగి, కాస్త గునిసి, అవతలికి ఎక్కేశాయి. బావ నర్సరీ గేటు దగ్గర బండి ఆపి, గెలిచినవాడిలా అక్క వంక తిరిగాడు. అక్క హుందాగా తలుపు తీసి మెట్టు మీద కాలు పెట్టింది. చీలమండ దాకా బురదలో మునిగిపోయింది. దారి పొడుగునా వేలాడుతూ వచ్చిన ఆ మెట్టు పల్లంలోని బురదంతా మూటగట్టుకుని వచ్చింది.

అక్క కాలు వెనక్కి లాక్కుని మళ్లీ సీట్లో కూర్చుంది. బావ దిగాడు. నర్సరీ వాళ్ల పూలకు నీళ్లు పోసే డబ్బా పట్టుకొచ్చి, మెట్టు ముందు గొంతుక్కూర్చుని కడగడం మొదలుపెట్టాడు.

నర్సరీ ఆవిడ కుండీలు సర్దుతూ చూసి, "ఏం మొక్కల బావా, ఆవిడ కాళ్లు కూడా కడిగేస్తే ఓ పనైపోతుంది కదా!" అంది.

"నేను కడిగేది మెట్టండీ" అన్నాడు బావ తలెత్తకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అక్క సీట్లోంచి వంగి చూసింది.

"ఆ లోపలి మూల మిగిలిపోయింది. అదీ కడగండి, నేను దిగాలి."