రిపేరుకు పోయిన మెషిను

మా ఇళ్లల్లో బావ కాగితం చాపితే చదవకూడదు. చదివితే నమ్మలేదని అర్థం, అక్క ముఖం మాడ్చుకుంటుంది. అందుకే కాటేదాన్‌లో బావ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాల కంపెనీకి నన్ను డైరెక్టర్ని చేసిన రోజు కూడా, చాయ్ తాగుతూ, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. ఆ మర్యాదను ఇన్నాళ్లూ అడ్డం పెట్టుకున్నాను గానీ, ఒక్క కాగితం మాత్రం చదివే పెట్టాను.

కంపెనీ మునగబోతోందని తెలిశాక తయారైన కాగితమది. పెద్ద మెషిను పాడైందని, తుక్కు కింద తీసేశామని రాసి ఉంది. నిజానికి మెషిను గుండ్రాయిలా ఉంది. బుద్వేల్‌లో బావ వేసిన కొత్త షెడ్డుకు పోతోంది. పట్టపగలే లారీ వచ్చింది. ఎక్కడికని పనివాళ్లు అడిగితే, రిపేరుకు అన్నాను. పాపం, వాళ్లే తాళ్లు కట్టి ఎక్కించారు.

తర్వాత కంపెనీ మూతపడింది. మిగిలిన సామాను అమ్మి అందరి బాకీలు తీర్చడానికి లిక్విడేటర్ వచ్చాడు. ముందే సొత్తు దాటించారని తేలితే డైరెక్టర్లు సొంత ఆస్తిలోంచి కట్టాలట. ఎయిర్‌పోర్టుకు పోగా శంషాబాద్ దగ్గర మాకు మిగిలిన రెండెకరాలు నా కళ్ల ముందు తిరిగాయి.

"నీకు చదువు రాదని చెప్పు బామ్మర్ది," అన్నాడు బావ. "ఎవుసం చేసుకునేటోన్ని, బావ పెట్టమన్నకాడ పెట్టిన అను. ఇగ నిన్నేం అడగరు."

నేను డిగ్రీ చదివాను. అయినా లిక్విడేటర్ ముందు సిగ్గు లేకుండా అలాగే చెప్పాను.

నన్ను పక్కన కూర్చోబెట్టి, బయట ఉన్న పనివాళ్లలో ఒకావిడను లోపలికి పిలిచారు. డబ్బాలు ప్యాకింగ్ చేసేది. నన్ను చూడగానే ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టయింది.

"ఈ అన్ననేం అనకుండ్రి సారు. మా పీఎఫ్ కాయితాలన్నీ ఈయననే నింపేటోడు. ఇంగ్లీషుల ఉన్నా సదివి, తెలుగుల చెప్పేటోడు."

లిక్విడేటర్ రాయడం ఆపాడు. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది.

"మరి పెద్ద మెషిను ఏమైందమ్మా?"

"రిపేరుకు పోయింది సారు. మేమే ఎక్కించినం. అదొస్తే మల్ల పని షురువైతదని ఇంకో కాడ పనికి కుదరలే నేను." నా వైపు తిరిగింది. "ఎప్పుడొస్తదన్నా?"

"మెషిను బుద్వేల్‌లో ఉంది సార్," అన్నాను. "ఆ కాగితం చదివే సంతకం పెట్టాను."

అడిగింది ఆమె. నేను చెప్పింది లిక్విడేటర్‌కి. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను.