మా ఆయన చేతి పులిపిర్లు, నా కేన్సరు

ముట్టుడిగిన నాలుగేళ్ళకి ఒకరోజు వాకిలి ఊడుస్తుంటే చీర తడిసింది. చూస్తే ఎరుపు. రోగమని నాకు తోచలేదు. వేళ తప్పి మళ్ళీ వచ్చిందనుకుని, పాత అలవాటు ప్రకారం చాప, పళ్ళెం పట్టుకుని పంచలో కూర్చున్నాను. మా తోటికోడలు ఒకటే నవ్వు.

"ఏంటక్కా, మళ్ళీ పడుచుదానివైపోతన్నావా? బావగారికి చెప్పమంటావా?"

"చెప్పు. మూడ్రోజులూ వంట ఆయనే చెయ్యాలిగా," అన్నాను.

ఆయనే చేశారు. ఆరో రోజుకి గానీ ఎరుపు ఆగలేదు. పదిహేను రోజులకి మళ్ళీ కనపడింది. తర్వాత వాసన, నడుంనొప్పి. ఎవరికీ చెప్పకుండా గుడ్డలు ఉతుక్కుంటూ నాలుగు నెలలు గడిపాను. ఒకనాడు కళ్ళు తిరిగి పడితే మా ఆయన అమలాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఎన్నాళ్ళనించమ్మా?"

"నాలుగు నెలలండి."

"అన్నాళ్ళూ ఏం చేసేరు?"

"పంచలో కూర్చున్నానండి."

ఆవిడ నవ్వలేదు. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. సర్విక్స్ కేన్సర్, అంటే గర్భసంచి ముఖద్వారానిది, స్టేజ్ టూ బి అని వచ్చింది. "ఆపరేషన్ దశ దాటింది. రేడియేషన్‌తో నయం కావచ్చు. మధ్యలో మాత్రం మానకూడదు," అన్నారు.

కాకినాడలో ఆస్పత్రి దగ్గర గది తీసుకున్నాం. వారానికి అయిదు రోజులు కరెంటు పెట్టేవారు. రేడియేషన్‌ని అక్కడ అందరూ అలాగే అంటారు. వారానికోసారి సెలైన్‌లో సిస్‌ప్లాటిన్ అనే కేన్సరు మందు. విరేచనాలు, ఒంటేలుకి వెళితే మంట. మా ఆయన కొబ్బరికాయలు ఒలిచే పని మానేసి నా పక్కనే ఉన్నారు. పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టేవారు. బెంచీ మీద నా చెయ్యి పట్టుకుని కూర్చునేవారు. పెళ్ళయిన ముప్పై అయిదేళ్ళలో నలుగురి ముందు చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

మూడో వారంలో అదంతా ఆగిపోయింది. గిన్నె నా ముందుకి జరిపి దూరంగా నిలబడేవారు. చేతికి తువ్వాలు చుట్టుకుని బెంచీకి ఆ చివర కూర్చునేవారు. నా ఒంటి వాసనకి అసహ్యం పుట్టిందనుకున్నాను. ఎవరినైనా మొహం మీదే అడిగేసే దాన్ని, ఆయన్ని అడగలేకపోయాను. అదే వారం రక్తం తగ్గిందని కరెంటు ఆపి, రక్తం ఎక్కించారు. మళ్ళీ మొదలుపెట్టే రోజున నేను మంచం దిగలేదు.

"లే, టైమైపోతంది," అన్నారు.

"నేను రాను. ఇంటికి పోదాం. నన్ను ముట్టుకోడానికే మీకు రోతగా ఉంటే ఇంక బతికేం చెయ్యను?"

ఆయన తెల్లబోయి తువ్వాలు విప్పారు. కుడిచేతి వేళ్ళ మీద ఆయనకి ఎప్పటినుంచో పులిపిర్లు. సున్నం, చాకలి సోడా కలిపి పెట్టి వాటిని కాల్చేశారు. పుళ్ళు పడి నీరు కారుతున్నాయి.

"నీ రోగం వీటివల్లేనంట కదే. నువ్వే చదివేవు కదా!"

అప్పుడు గుర్తొచ్చింది. నలభై దాటాక, ఊళ్ళో వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదువుతాను. ఆస్పత్రి గోడ మీద కాగితం చూసి, పులిపిర్లు తెచ్చే వైరస్ జాతే ఈ కేన్సరుకీ కారణమని ఆయనకి చదివి వినిపించాను. అంతలో నా పేరు పిలిచారు. మిగతాది చదవలేదు.

ఆయన్ని లాక్కుని డాక్టరుగారి దగ్గరికి నడిచాను.

"ఈ చేత్తోనే అన్నం కలిపి పెట్టేనండి," అన్నారు మా ఆయన. పుళ్ళు పడ్డ చెయ్యి చాపి, గోడ మీద కాగితం మాట చెప్పారు.

"బాబాయ్‌గారూ, మీ ఇంటిపేరువాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"ఆయ్, కొత్తపేట చుట్టూ మావోళ్ళేనండి."

"వాళ్ళలో ఒకడు దొంగతనం చేస్తే మిమ్మల్ని పట్టుకుపోతారా? ఈ వైరస్, హెచ్‌పీవీ కూడా అంతే. వందకి పైగా రకాలు. వేళ్ళ మీద పులిపిర్లు తెచ్చేవి వేరు, సర్విక్స్‌కి కేన్సర్ తెచ్చేవి వేరు."

"మరి నాకెలా వచ్చిందండి?" అనడిగాను.

"ఆ రకాలు ఆలుమగల కలయికతో సోకుతాయమ్మా. చాలామందికి సోకి, వాటంతటవే పోతాయి. కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోయి సెల్స్‌ని మార్చేస్తాయి. ఎప్పుడు, ఎవరినించి అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. మీరూ ఒకళ్ళనొకళ్ళు అడగకండి."

మేం అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

నర్సు ఆయన చేతికి కట్టు కట్టింది. ఆ పూట అన్నం నేనే కలిపి ఆయన నోట్లో పెట్టాను. "ఉప్పెక్కువైందే," అన్నారు. మర్నాటి నుంచి కరెంటుకి వెళ్ళాను. చివర్లో లోపల గొట్టం పెట్టి ఇచ్చే రేడియేషన్ అన్నిటికన్నా కష్టం. అదీ పూర్తి చేశాను.

ఇప్పటికి ఆరేళ్ళు. ఏడాదికోసారి చెకప్‌కి వెళుతున్నాను. పేగులు మునుపటిలా లేవు, కారం తినలేను. ఇంటిపనులు చేసుకుంటున్నాను. ఈ రోగం రాకుండా ఆడపిల్లలకి ముందే వేసే టీకా వచ్చిందట, ఖరీదెక్కువని కూడా డాక్టరుగారు చెప్పారు.

మొన్న మా కోడల్ని, ఈ కేన్సరుని ముందే పట్టే పాప్ స్మియర్ పరీక్షకి బయల్దేరదీశాను.

"నాకేం లేదు కదా అత్తయ్యా, సిగ్గేస్తంది," అంది.

"ఏం లేనప్పుడే ఇది చేసేది. ఉన్నాక చేసేది బయాప్సీ. పద."

ఇది చదివే ఆడవాళ్ళకి చెప్పేది కూడా అదే. ఒంట్లో బాగున్నప్పుడే, మూడేళ్ళకోసారి, అడిగి మరీ ఈ పరీక్ష చేయించుకోండి. అయిదు నిమిషాలు పట్టదు. బల్ల మీద సిగ్గేస్తే కొంగు మొహం మీద కప్పుకోండి. డాక్టరమ్మకి మీ మొహంతో పనిలేదు.