నాలుగు క్యాసెట్లు, ఒక గోపురం అంచు చీర

మొన్న శుక్రవారం ఆదోని నుంచి క్యాసెట్ల చిచ్చా కూతురు ఫోను చేసింది. "అక్కా, అబ్బా పోయినాడు" అంది, అంతే. నేను పోయేసరికి మట్టి చేసి వచ్చేశారు. ఆయన మంచం గోడకు నిలబెట్టి ఉంది. చిచ్చా అంటే చిన్నాన్న; పిలుపుకే గానీ నాకు ఆయన చుట్టం కాదు, మా ఊరి మనిషి కూడా కాదు. అయినా ఆ మంచం చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఎనభైల చివర్లో ఆదోనిలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు, టీవీలు బాగు చేసేవాడు. చెవి సందున ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు. ఏ క్యాసెట్టు చేతికిచ్చినా, దుమ్ము ఉన్నా లేకున్నా, ముందు చొక్కా అంచుతో తుడిచేవాడు. టీ సాసర్లో పోసుకుని, అది చల్లారేదాకా మాట్లాడేవాడు కాదు. ఎదుటివాళ్ళు ఎంత తొందరపడితే ఆయన అంత నిదానం.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఎమ్మిగనూరులో ఒక బట్టల అంగడిలో చీరలు మడతపెట్టే పని. మా నాయన మగ్గం మూలపడినాక ఇల్లు నా పని మీదే నడిచేది. మా షావుకారు బెంగుళూరులో ఎక్కడో చూసి వచ్చి, అంగడికి నాలుగు కెమెరాలు పెట్టించాడు. ఒక్కోదానికి ఒక్కో రికార్డరు. బిగించింది చిచ్చానే. చీర కొనకపోయినా కెమెరా చూడ్డానికి వచ్చేవాళ్ళు జనం.

ఒకరోజు పట్టుచీర ఒకటి కనపడలేదు. పనివాళ్ళందరి ముందర నా సంచి బోర్లించారు. టిఫిను గిన్నె, దువ్వెన పడ్డాయి. చీర దొరకలేదు, అయినా దొరికేదాకా పనికి రావద్దన్నాడు షావుకారు. దొంగ అనే పేరు పడితే ఇంకే అంగడిలోనూ గడప తొక్కనివ్వరు. మా అమ్మ వీధి కుళాయికి పోవడం మానేసింది.

షావుకారు నాలుగు క్యాసెట్లూ ముందరేసుకుని, మొదటి నుంచి ఒక్కొక్కటే రెండు రోజులు చూశాడట. నేను ముక్కు తుడుచుకున్నా ఆయనకు అనుమానమే. కళ్ళు మంటలెత్తి, మూడోనాడు చిచ్చాకు కబురు పెట్టాడు.

చిచ్చా వచ్చీ రాగానే నన్ను పిలిపించమన్నాడట. ఆ చీరను మడిచిన చేతికే దాని గుర్తు తెలుస్తుందని ఆయన వాదన. టీవీ తెర నలుపూ తెలుపే, రంగు చెప్పి లాభం లేదు. గోపురం అంచు, జానెడు వెడల్పు అని చెప్పాను. ఆయన షావుకారు వైపు తిరిగాడు.

"మనిషిని సూడొద్దప్పా, సీరను సూడు. మనిషిని సూస్తే నువ్వు అనుకునిందే కనపడతాది."

చీర పోయిన రోజు మధ్యాహ్నం ఒకసారి కరెంటు పోయింది. నాలుగు రికార్డర్లూ ఒక్కసారే ఆగి, కరెంటు వచ్చాక మళ్ళీ మొదలయ్యాయి; ప్రతి క్యాసెట్టులోనూ అక్కడ బొమ్మ తెగింది. వాటి గడియారాలు తలా ఒక టైము చూపిస్తాయి గానీ, కరెంటు మాత్రం అన్నిటికీ ఒకేసారి పోయింది కదా. చిచ్చా ప్రతి క్యాసెట్టునూ ఆ చోటికి తెచ్చి, రికార్డరు మీద టేపు ఎంత తిరిగిందో చూపే అంకెలను సున్నా చేశాడు. తర్వాత అరల వైపు కెమెరా క్యాసెట్టును సగానికి తిప్పాడు. చీర అరలో ఉంది. మిగిలినదాంట్లో సగానికి పోయాడు. లేదు. ఆ రెంటి మధ్యకు వచ్చాడు. అలా సగం, సగంలో సగం చేసుకుంటూ, రెండు టీలు తాగేలోగా చీర అర దిగిన చోటు పట్టుకున్నాడు. అక్కడి అంకె చూసి, మిగతా మూడింటినీ అదే అంకెకు తెచ్చి, అక్కడి నుంచి ముందుకు నడిపించాడు.

ఒకదాంట్లో గుమాస్తా ఆ చీరను పరిచి చూపించి, కుప్ప మీదికి విసిరాడు. ఇంకోదాంట్లో నేను, కుప్ప తగ్గించే తొందరలో, దాన్ని ఇంకో పెద్ద చీర లోపల పెట్టి రెంటినీ ఒకటిగా మడిచేశాను. నాలుగోదాంట్లో ఆ మడత మూటలో గడప దాటింది. నమ్మకమైనవాళ్ళు ఇంట్లో ముసలమ్మలకు చూపించి తెస్తామంటే, నాలుగైదు చీరలు మూటగట్టి పంపడం మా అంగడి వాడుక. ఆ మూట కౌతాళం ఊరి నుంచి వచ్చినవాళ్ళది.

చిచ్చా నన్ను ఓదార్చలేదు.

"తప్పు నీదే బేటీ. దొంగతనం మాత్రం కాదు. రెండూ యేరే."

షావుకారు మనిషిని పంపితే సాయంత్రానికి చీర వచ్చింది, మడత కూడా విప్పలేదు. రేపటి నుంచి పనికి రమ్మని షావుకారు నాతో మెల్లగా అన్నాడు. చిచ్చా ఊరుకోలేదు.

"అందరి ముందర సంచి ఎతికినావు గదప్పా. అందరి ముందరే క్యాసెట్టు ఏయి."

షావుకారు గొణిగాడు గానీ, వేశాడు. పనివాళ్ళంతా చాప మీద కూర్చున్నారు.

ఆ తర్వాత ఆదోని పోయినప్పుడల్లా ఆయన అంగడిలో కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. ఎక్కడ ఏది కనపడకపోయినా "సగానికి పోయి సూడు" అనేవాడు. ఈ మూడేళ్ళుగా, వచ్చే వారం పోదాం అనుకుంటూ పోలేదు. ఎంత బుద్ధి లేనిదాన్ని! ఇప్పుడు ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఆయన ఫోటో కూడా నా దగ్గర లేదు. ఆయన అందరి ముందర వేయించిన ఆ క్యాసెట్టు మీద కూడా మర్నాడే ఇంకో రోజు రికార్డయింది.

నాకు మిగిలింది ఆ సాయంత్రమే. నన్ను నేను తెర మీద చూసుకోవడం అదే మొదలు. ఎవరూ నా ముఖం చూడకుండా, చిచ్చా తెర మీద వేలు పెట్టి చీర వెంబడే నడిపిస్తున్నాడు. ఆ వేలి కింద నా రెండు చేతులు, ఏదీ దాచుకోకుండా, గబగబా చీర మడుస్తున్నాయి.